ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోనిగ్

కృష్ణా డెల్టాలో దివిసీమకు వాకిలివంటిది చల్లపల్లి. ఒకప్పుడు జమీందారుల కోటతో పేరొందిన ఆ ఊరి చుట్టును కాలువల నీటితో పండు వరిచేలు కన్నులపండువుగా నుండును. వరి కోతకు వచ్చు వేళకు రైతులు ఆ చేనిలోనే మినుములు చల్లుదురు. వరి కోసి పనలు ఎత్తిన పిమ్మట మినుము మొలకలు నేలను కప్పును. అట్టి చేల గట్లమీద ఒక మట్టిబెడ్డను గాని, కుళ్లిన గడ్డిదుబ్బును గాని కదల్చినచో, దాని క్రిందనుండి నల్లగా నిగనిగలాడు పురుగు ఒకటి వెలువడి, క్షణములో మఱొక బెడ్డ క్రిందికి పరుగెత్తి దాగికొనును. అది నేల పెంకుపురుగు.

పంటచేనిలో పురుగు కనబడగానే దానిని నలిపివేయవలెనని తోచుట సహజము. కాని నేల పెంకుపురుగులలో చాలభాగము వేటాడి జీవించునవి. అవి పగలు దాగియుండి రాత్రివేళ బయలుదేరి, పైరును పాడుచేయు గొంగళిపురుగులను, ఇతర పురుగుల గ్రుడ్లను, పిల్లలను పట్టి తినును. అనగా అవి కూలి యడుగని కావలివాండ్రు. పైరును తిను పెంకుపురుగులును కలవు. పైరును కాచు పెంకుపురుగులును కలవు. పైకి చూచినచో రెండును ఒక్కతీరుగనే కనబడవచ్చును. మిత్రుడెవరో, శత్రువెవరో తెలిసికొనుటకు ఒక్కొక్కదానిని శ్రద్ధతో పరీక్షించి, పోలికలను బట్టి వర్గములుగా విడదీసి, ప్రతిదానికి ఒక పేరు పెట్టవలెను. దీనినే శాస్త్రజ్ఞులు వర్గీకరణమందురు. దక్షిణ భారతదేశమున ఈ పద్ధతిని తొలుత ప్రవేశపెట్టినవారిలో ముఖ్యుడు జోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఆయన ఎక్కడనో ఉత్తరదేశమున పుట్టి, మన తెలుగు తీరమునందే కన్నుమూసెను.

కోనిగ్ 1728వ సంవత్సరము నవంబరు 29వ తేదీన బాల్టిక్ సముద్రప్రాంతమునందలి లివోనియా దేశమున జన్మించెను. ఆ ప్రదేశము నేడు లాత్వియాలో నున్నది. అది చలిదేశము, సంవత్సరములో చాల నెలలు నేలపై మంచు పేరుకొనియుండును. యౌవనమున కోనిగ్ మందులు తయారుచేయు విద్యను అభ్యసించెను. ఆ కాలమున మందులలో పెక్కు మొక్కలనుండియే లభించుచుండెను. కనుక మందులు చేయువాడు మొక్కలను చక్కగా గుర్తింపవలెను. ఒక ఆకునకు బదులు మఱొక ఆకు వేసినచో రోగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. పేరు తప్పిన యెడల కలుగు అనర్థమును కోనిగ్ ఆ వయస్సునందే గ్రహించెను.

ఆ దినములలో స్వీడను దేశమునందలి ఉప్సాలా విశ్వవిద్యాలయమున లిన్నేయస్ అను మహాపండితుడు బోధించుచుండెను. 1757లో కోనిగ్ ఆయనకు శిష్యుడయ్యెను. లిన్నేయసునకు పూర్వము ఒక మొక్కను గాని జంతువును గాని పేర్కొనవలెనన్న, ఒక వాక్యమంత పొడవైన వర్ణన వ్రాయవలసివచ్చెడిది. ఒక్కొక్క పండితుడు ఒక్కొక్క విధముగా వ్రాయుటచే, ఒకరు చెప్పినది మఱొకరికి తెలియకుండెను. లిన్నేయస్ ఈ చిక్కును తొలగించెను. మనకు ఇంటిపేరును, సొంతపేరును ఉన్నట్లే, ప్రతి జీవికిని రెండు మాటల పేరును ఆయన ఏర్పఱచెను. మొదటి మాట దాని ప్రజాతిని తెలుపును. రెండవ మాట ఆ జాతిని మాత్రమే తెలుపును. 1753లో మొక్కలకును, 1758లో జంతువులకును ఆయన ఈ పద్ధతిని సమగ్రముగా అమలుపఱచెను.

పురుగులను వర్గీకరించుటకు లిన్నేయస్ వాని ఱెక్కలను ప్రమాణముగా గ్రహించెను. ముందు ఱెక్కలు గట్టిపడి, వెనుక ఱెక్కలను పెంకువలె కప్పియుండు పురుగులనన్నిటిని ఒక గణముగా కూర్చెను. అవియే పెంకుపురుగులు. వానిలో నేలపై పరుగెత్తు పురుగులకు కారాబస్ అను ప్రజాతి నామమునిచ్చెను. నేడు నేల పెంకుపురుగులన్నియు చేరియున్న పెద్ద కుటుంబమునకు ఆ మాటనుండియే పేరు వచ్చినది. ఆ కుటుంబమున ప్రపంచమంతటను సుమారు 40,000 జాతులు కలవు.

లిన్నేయస్ తన శిష్యులను దూరదేశములకు పంపి, అచ్చటి మొక్కలను, జంతువులను సేకరింపజేయుచుండెను. వారిలో కొందఱు ప్రయాణములలోనే మరణించిరి. ఐనను క్రొత్తవారు వెనుదీయలేదు. కోనిగ్ 1759లో డెన్మార్కు చేరి, అచ్చట కొంతకాలము పనిచేసెను. 1764లో ఐస్లాండు ద్వీపమునకు పోయి, మంచుకొండల నడుమను, వేడినీటి ఊటల యొద్దను తిరిగి మొక్కలను సేకరించెను. అచ్చట ఆయనకు దొరకిన వానిలో కొలది అంగుళములైనను పెరుగని ఒక అల్పమైన మొక్క కలదు. లిన్నేయస్ ఆ మొక్కకు కోనిజియా అని తన శిష్యుని పేరే పెట్టెను. గురువు ఇచ్చిన ఆ గౌరవము కోనిగ్ ఉత్సాహమును ఇనుమడింపజేసెను.

ఆ కాలమున తమిళదేశపు సముద్రతీరమునందలి తరంగంబాడి డేనిష్ వారి అధీనమున నుండెను. 1620లో వారు తంజావూరు నాయకరాజు అనుమతితో అచ్చట స్థిరపడి, ఒక కోటను కట్టుకొనిరి. ఆ స్థలమునకు వైద్యుడుగా 1767లో కోనిగ్ నియుక్తుడయ్యెను. ఆనాడు ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను. మార్గమధ్యమున 1768 ఏప్రిల్ నెలలో ఓడ గుడ్ హోప్ అగ్రమునొద్ద ఆగెను. తోడి ప్రయాణికులు విశ్రమించుచుండగా కోనిగ్ అచ్చటి బల్లకొండ నెక్కి మొక్కలను సేకరించెను. ఆ సంవత్సరమునందే ఆయన తరంగంబాడి చేరెను. అప్పటికి ఆయన వయస్సు నలువది యేండ్లకు సమీపించినది.

తరంగంబాడిలో ఆయన పగలు రోగులను చూచుచు, తీరిక దొరకినప్పుడెల్ల పొలములలోను, అడవులలోను, సముద్రపు టొడ్డునను తిరుగుచుండెను. ఈ దేశపు వైద్యులు వాడు మూలికలను పరిశీలించి, వాని లక్షణములను వ్రాసికొనెను. అచ్చటి మిషనరీలలో కొందఱకు ప్రకృతిశాస్త్రముపై అభిరుచి కలిగెను. వారికి ఆయన లిన్నేయస్ పద్ధతిని నేర్పెను. వారందఱు కూడి ఒక చిన్న సంఘమును స్థాపించుకొని, తమకు దొరకిన మొక్కలను ఒకరికొకరు పంపుకొని, చర్చించి పేర్లు నిర్ణయించుకొనుచుండిరి. దక్షిణదేశమున శాస్త్రీయమైన వర్గీకరణమునకు ఆ చిన్న సంఘమే పునాది యయ్యెను.

మన వంటయింట నిత్యము వాడు కరివేపాకునకును కోనిగునకును ఒక సంబంధము కలదు. ఆయన పంపిన మొక్కలను పరిశీలించిన లిన్నేయస్ 1771లో కరివేప చెట్టునకు బెర్గెరా కోనిగీ అను శాస్త్రీయనామమును ప్రకటించెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును ముర్రయా అను మఱొక ప్రజాతిలో చేర్చిరి. ఇటీవలివారు దానిని తిరిగి బెర్గెరాలోనికే తెచ్చుచున్నారు. ఇట్లు మొదటి మాట మాఱుచున్నను, రెండవ మాటయైన కోనిగీ మాత్రము చెక్కుచెదరలేదు. పోపులో కరివేపాకు వేయు ప్రతి తల్లియు తనకు తెలియకయే ఆ వైద్యుని పేరుగల ఆకును త్రుంచుచున్నది.

కోనిగ్ మొక్కలతోపాటు పురుగులను గూడ సేకరించెను. ఉష్ణదేశమున పురుగులను నిలువచేయుట సులభము కాదు. చీమలు వానిని ముక్కలుచేసి మోసికొనిపోవును. వానకాలమున బూజు పట్టును. వీనినుండి తప్పించి ఓడ ఎక్కించినను, అవి ఐరోపా చేరుటకు నెలలు పట్టును. ఓడ మునిగినచో సంవత్సరముల శ్రమ నీటి పాలగును. ఇన్ని ఆటంకములున్నను ఆయన పంపిన పురుగులు కోపెన్‌హాగెన్ నగరమునకును, లండనునకును చేరెను. అచ్చట వానిని పరీక్షించినవారిలో ఫాబ్రీషియస్ అగ్రగణ్యుడు.

ఫాబ్రీషియస్ 1745లో డెన్మార్కు దేశమున జన్మించెను. ఆయనయు లిన్నేయస్ శిష్యుడే. గురువు ఱెక్కలను బట్టి పురుగులను విభజింపగా, శిష్యుడు నోటి భాగములను ప్రమాణముగా గ్రహించెను. ఒక జీవి యేమి తినునో దాని నోటి నిర్మాణమును బట్టి తెలియునని ఆయన విశ్వాసము. వేటాడు నేల పెంకుపురుగుల విషయమున ఈ పద్ధతి చక్కగా ఉపకరించెను. వానికి కొడవలివలె వంగి, ముందునకు సాగిన బలమైన దవడలుండును. పట్టిన ఎఱను అవి ఆ దవడలతో చీల్చును. పెక్కు పెంకుపురుగుల నోట నాలుగు స్పర్శాంగములు మాత్రమే కనబడగా, నేల పెంకుపురుగుల నోట ఆఱు కనబడును. ఇక కాళ్లు పొడవుగా, సన్నగా, పరుగునకు తగియుండును. ఇట్టి గుర్తులన్నియు కలసి, ఇది వేటకత్తెయని చూచువారికి తెలుపును. గడ్డి తిను పశువునకును, మాంసము తిను పులికిని పండ్లలో భేదమున్నట్లే పురుగులలోను ఉన్నదని దీనివలన స్పష్టమయ్యెను.

ఫాబ్రీషియస్ 1775లో పురుగులను గూర్చి ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. భారతదేశపు నేల పెంకుపురుగులలో పెద్దదియైన ఆఱుచుక్కల పురుగునకు ఆ గ్రంథముననే పేరు పెట్టబడెను. అది సుమారు 4 సెంటీమీటర్ల పొడవుండును. కాటుకవంటి దాని నల్లని దేహముపై ఆఱు తెల్లని చుక్కలుండును. అందు రెండు మెడవంటి ముందుభాగముపైనను, నాలుగు పెంకులపైనను అమరియుండును. అది ఎగురలేదు; కాళ్ల వేగమే దానికి బలము. దానిని పట్టబోయినచో వెనుకనుండి ఘాటైన ఆమ్లమును చిమ్మును. ఆఱు చుక్కలు గలదియను అర్థము వచ్చు లాటిన్ మాటతో ఫాబ్రీషియస్ దానిని కారాబస్ ప్రజాతిలో చేర్చెను. 1801లో వెబర్ అను శాస్త్రజ్ఞుడు దానివంటివానికి ఆంథియా అను వేఱు ప్రజాతిని ఏర్పఱచెను. చుక్కలను తెలుపు మాట మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఆ గ్రంథమునందే ఫాబ్రీషియస్ తన మిత్రుని పేరును ఒక పురుగునకు పెట్టెను. అది వేటాడునది కాదు. పత్తికాయలపై గుంపులుగుంపులుగా తిరుగుచు, గింజల రసమును పీల్చి, దూదికి మరకలు పట్టించు ఎఱ్ఱని నల్లి. పత్తి రైతులకు అది చిరపరిచితము. దాని శాస్త్రీయనామమునందును కోనిగీ అను మాట కలదు. ఈ విధముగా రుచినిచ్చు ఆకును, పంటకు చెఱుపుచేయు పురుగును ఒకే మనిషి పేరును మోయుచున్నవి. శాస్త్రమునకు ఇష్టానిష్టములు లేవు. ఉన్నదానిని ఉన్నట్లు గుర్తించుటయే దాని ధర్మము.

కోనిగ్ స్వయముగా గావించిన పురుగుల పరిశీలనములలో చెదపురుగులను గూర్చినది ప్రసిద్ధము. ఇతరులు చెదలను చూచి చీదరించుకొనుచుండగా, ఆయన పుట్టలను త్రవ్వించి, లోపలి గదులను, రాణిని, పనివాండ్రను ఓపికతో పరీక్షించెను. తొలకరి వానలకు ఉసిళ్లు లేచునప్పుడు తంజావూరు ప్రాంతపు జనులు వానిని కుండలలో పట్టి ఆహారముగా వాడుకొను విధమును గూడ వివరించెను. ఈ వ్యాసము 1779లో బెర్లిన్ నగరమున అచ్చయ్యెను. ఆఫ్రికా చెదపురుగులను గూర్చి స్మీత్‌మన్ వ్రాసిన ప్రసిద్ధ రచనకంటె ఇది రెండేండ్లు ముందు వెలువడినది.

1773లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయము కోనిగునకు డాక్టరు పట్టమును ప్రసాదించెను. దానిని అందుకొనుటకు ఆయన స్వదేశమునకు పోలేదు. దూరమునుండియే అది ఆయనకు లభించెను. కాని పట్టము కీర్తిని తెచ్చెనే కాని ధనమును తేలేదు. అడవులలో తిరుగుటకు బండ్లు, మనుషులు, కాగితములు, పెట్టెలు కావలెను. వైద్యునిగా వచ్చు జీతము వీనికి చాలకుండెను. అందుచే 1774లో ఆయన ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా చేరెను. ఆ కొలువున నుండి మద్రాసునకు ఉత్తరముననున్న కొండలను, సింహళద్వీపమును సందర్శించెను. 1778 జూలై నెలలో ఈస్టిండియా కంపెనీ ఆయనను తన ఉద్యోగిగా గ్రహించెను. కంపెనీ పంపున సయాం, మలక్కా దేశములకు పోయి, 1780 వఱకు అచ్చటి అడవులను పరిశోధించెను. అచ్చటి అల్లపు జాతి మొక్కలను గూర్చి ఆయన వ్రాసిన వర్ణనలు స్వీడను పండితుడైన రెట్జియస్ గ్రంథమున అచ్చయ్యెను.

కోనిగ్ ఒక మహాగ్రంథమును తన పేరుతో ప్రకటింపలేదు. తనకు దొరకినవానిని ఒకదానిని లిన్నేయసునకు, ఒకదానిని రెట్జియసునకు, ఒకదానిని ఫాబ్రీషియసునకు పంపుచునే యుండెను. వారు వానిని ప్రకటించి కీర్తినొందిరి. దాచుకొన్నవాడు తన జీవితకాలమున తానొక్కడే తెలిసికొనును. పంచుకొన్నచో లోకమంతయు తెలిసికొనును. ఆయన ఈ రెండవ మార్గమునే ఎన్నుకొనెను.

ఆయన చివరి ప్రయాణము తెలుగుదేశము మీదుగా సాగెను. కలకత్తా పోవు తలంపుతో 1784లో బయలుదేరి, తూర్పుతీరము వెంట వచ్చుచు విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుని కలిసికొనెను. రస్సెల్ తరువాతి కాలమున మన తీరప్రాంతపు పాములను గూర్చి గొప్ప గ్రంథమును రచించినవాడు. ఇంతలో కోనిగునకు రక్తవిరేచనముల వ్యాధి సోకెను. ఆ కాలమున ఆ వ్యాధికి సరియైన చికిత్స లేదు. ఎందఱకో మందులిచ్చిన ఆ వైద్యుడు తానే మంచము పట్టెను. కాకినాడకు సమీపముననున్న సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అను వైద్యుడుండెను. ఆయనయు మొక్కలను ప్రేమించినవాడు; కోనిగ్ యందు భక్తిగలవాడు. ఆయన చేసిన ఉపచారములు ఫలింపలేదు. 1785వ సంవత్సరము జూన్ 26వ తేదీన కాకినాడ జగన్నాథపురమున కోనిగ్ పరమపదించెను. అప్పటికి ఆయనకు ఏబదియాఱేండ్లు.

మరణించునప్పుడు ఆయనకు ఆస్తి యనదగినది తన వ్రాతప్రతులే. ఆ కాగితములు చెదల పాలైనను, చెల్లాచెదరైనను పదునేడేండ్ల శ్రమ వ్యర్థమగును. అందుచే ఆయన వానిని లండనునందలి సర్ జోసెఫ్ బాంక్సునకు చెందునట్లు ఏర్పాటుచేసెను. ఆ ముందుచూపు వలన అవి లండను చేరి, నేటికిని భద్రముగా నున్నవి. కోనిగ్ వదలిన పనిని రస్సెల్ అందుకొనెను. పిమ్మట రాక్స్‌బరో అందుకొనెను. రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథమున మొక్కల తెలుగు పేర్లను గూడ చేర్చెను. ఆ పేర్లు చెప్పిన పల్లెవాసులు, మొక్కలను తెచ్చియిచ్చిన కూలీలు గ్రంథములకెక్కలేదు. వారి సాయము లేనిదే ఏ పరదేశియు ఒక్క అడుగైనను వేయలేకుండెడివాడు.

నేల పెంకుపురుగుల వర్గీకరణము కోనిగ్, ఫాబ్రీషియసులతో ముగియలేదు. లిన్నేయస్ మఱియొక శిష్యుడైన తున్‌బర్గ్ 1784లో భారతదేశపు చిన్న నేల పెంకుపురుగొకదానికి పేరు పెట్టెను. నేడది ఒఫియోనియా అను ప్రజాతిలో నున్నది. దూరమునుండి చూచినచో అది పెద్దచీమవలె తోచును. దాని దేహము ఎఱుపు, నలుపు కలసిన రంగు. దాని జాతివి వరిచేలలో నివసించి, ఆకుముడత పురుగు ముడిచిన ఆకులలోనికి చొచ్చి, లోపలి పురుగును పట్టి తినును. దోమలను గూడ వేటాడును. వానిలో ఒక్కొక్కటి రోజుకు మూడు మొదలు ఐదు వఱకు ఆకుముడత పురుగులను తినగలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1929లోను, 1935లోను ఆండ్రూస్ అను పండితుడు భారతదేశపు నేల పెంకుపురుగులను రెండు పెద్ద సంపుటములలో వర్ణించెను. ఆ సంపుటములలో గూడ మొదటి పేర్ల ప్రక్కన ఫాబ్రీషియస్ పేరు మాటిమాటికి కనబడును. దాని వెనుక కోనిగ్ వంటి సేకర్తల చెమట దాగియున్నది.

శత్రువును, మిత్రుని ఒక్కతీరుగ చంపు మందులు చేలలో చల్లినచో ముందుగా నశించునది ఈ కావలివాండ్రే. వీరు నశించిన చేలలో పైరును తిను పురుగులు మునుపటికంటె అధికముగ విజృంభించును. కనుకనే నేటి వ్యవసాయశాస్త్రజ్ఞులు మందు చల్లుటకు ముందు చేనిలోనికి దిగి, ఏ పురుగు ఎంత ఉన్నదో లెక్కించి చూడుమని రైతులకు బోధించుచున్నారు. అట్లు లెక్కించుటకు పురుగులను గుర్తింపగల కన్ను కావలెను. కోనిగ్ జీవితమంతయు అట్టి కన్నును సంపాదించుటకును, దానిని ఇతరులకు ఇచ్చుటకును వినియోగపడెను. పుట్టిన దేశమునకు ఆయన మరల పోలేదు, ధనము కూడబెట్టలేదు. కరివేపాకు పేరునందును, పత్తిచేనిలోని ఎఱ్ఱ నల్లి పేరునందును ఆయన స్మృతి నేటికిని నిలిచియున్నది.